యంత్రభాషలలో విడువదగిన పాత ప్రయోగములు



2018 వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో తెలుగు అక్షరమొకటి ప్రపంచమంతట వార్తల కెక్కినది. అది 'జ్ఞా' అను అక్షరము. జ్ఞానము, జ్ఞాపకము, జ్ఞాతి అను మాటలకు మొదట నుండునదే. ఆ అక్షరమునకు నడుమ, కంటికి కానరాని విభజన గుర్తు నొకదానిని చేర్చి ఎవరైనను ఐఫోనునకు సందేశముగా పంపినచో, దానిని చూపబోయిన ప్రోగ్రాము తటాలున నిలిచిపోయెడిది. మరల తెరచినను మరల నిలిచిపోయెడిది. ఆపిల్ సంస్థవారు ఆ నెల 19 వ తేదీన 11.2.6 అను సంఖ్యగల సవరణను విడుదల చేసి దానిని చక్కబరచిరి. అక్షరముల నొక విధముగా కూర్చి పంపుటవలన యంత్రముయొక్క స్మృతి చెడుట కవకాశమున్నదని ఆ సవరణ వివరణములో వారే వ్రాసికొనిరి.

దోషము మన అక్షరమునందు లేదు. మన పూర్వులు ఎన్నియో శతాబ్దులు 'జ్ఞా' అని వ్రాసిరి. ఏ తాటియాకును అందువలన చినిగిపోలేదు. దోషము ఆ అక్షరమును తెరపై గీయుటకై మనుష్యులు వ్రాసిన ఆజ్ఞలలో నున్నది. ఇట్టి దోషము లెట్లు పుట్టుచున్నవి, వానికి తావిచ్చు పాత ప్రయోగములను యంత్రభాషలనుండి ఎట్లు తొలగించుచున్నారు, ఆ తొలగింపు ఏల ఇంత ఆలస్యమగుచున్నది అనునవి నేటి నా ప్రసంగమునకు విషయములు.

ఇది పట్టణములలోని ఉద్యోగులకు మాత్రమే కావలసిన సంగతి యని పెద్దలు తలంపవలదు. మన కళింగపట్నమున పింఛను పుచ్చుకొను వృద్ధుడు యంత్రముపై వ్రేలిముద్ర వేయుచున్నాడు. చౌకధరల దుకాణమున బియ్యము చేతికి వచ్చుటకు ముందు ముద్ర వేయవలెను. పొలముయొక్క అడంగలు కంప్యూటరులో నున్నది. తుఫాను వచ్చుచున్నదని హెచ్చరిక ఫోనునకు వచ్చుచున్నది. వీని యన్నిటి వెనుక నున్నవి ప్రోగ్రాములు. ప్రోగ్రాములు వ్రాయబడినవి యంత్రభాషలలో. కావున ఆ భాషలలో నేది క్షేమకరము, ఏది కాదు అను విచారము మన ఇంటి విచారమే.

యంత్రభాష యనగా కంప్యూటరునకు ఆజ్ఞల నిచ్చుటకై మనుష్యులు కల్పించుకొనిన భాష. దానికిని వర్ణములున్నవి, పదములున్నవి, వాక్యములున్నవి, వ్యాకరణమున్నది. ఆ వ్యాకరణమును సూత్రములుగా వ్రాయు పద్ధతి పాణిని పద్ధతికి సన్నిహితముగా నున్నదని గుర్తించి, 1967 లో ఇంగర్మన్ అను పాశ్చాత్యుడు ఆ పద్ధతికి పాణిని పేరును కూడ చేర్చి పిలువవలెనని సూచించెను. కావున వ్యాకరణము చదివిన వానికి ఈ విషయము పరదేశము కాదు.

అయినను మన భాషకును యంత్రభాషకును ఒక గొప్ప భేదము కలదు. మన వ్యాకరణములలో 'బహుళము' అను మాట యున్నది. ఒక కార్యము ఒకచోట జరుగును, ఒకచోట జరుగదు, ఒకచోట జరిగినను జరుగకున్నను సరియే యని దాని భావము. ఇందువలన ఎవరికిని హాని లేదు. ఏలయన వినువాడు మనుష్యుడు. తప్పు పలికినను సందర్భమును బట్టి సరిగా గ్రహించును. యంత్రమునకు అట్టి దయ లేదు. దానికి చెప్పినది చేయుటయే తెలియును గాని చెప్పబూనినది ఊహించుట తెలియదు. ఇట్లు వ్రాసినచో నేమి జరుగునో నిర్ణయింపము అని వ్యాకరణమే విడిచిపెట్టిన చోట్లు యంత్రభాషలలో కొన్ని యున్నవి. దొంగలు చొరబడునది అచ్చటనే.

ఇక ఉదాహరణమునకు వత్తును. 'సి' అను యంత్రభాష యున్నది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ అను నాతడు 1972 ప్రాంతమున దానిని నిర్మించెను. అది చిన్నది, వేగము గలది. నేటి కంప్యూటరులను, ఫోనులను నడపు మూలగ్రంథములలో మిక్కిలి భాగము దానియందును, దాని సంతతి భాషలయందును వ్రాయబడినది. దాని గొప్పతనమును నేను తగ్గింపను. కాని అందు 'గెట్స్' అను ఉపకరణమొకటి యుండెను. బయటినుండి వచ్చిన అక్షరముల వరుసను తీసికొని స్మృతిలో నొకచోట పెట్టుట దాని పని. ఆ చోటు ఎంత పెద్దదో అది అడుగదు. అడుగుటకు వీలు కూడ లేదు.

కళ్ళములో ధాన్యము కొలుచుటను తలచుకొనుడు. కుంచము ముందున్నది, పరాయివాడు బస్తా తెచ్చినాడు. కొలుచువాడు కుంచము నిండినదా లేదా యని చూడక, బస్తా చివర వరకు పోయుచునే యున్నాడు. ధాన్యము పొర్లి ప్రక్కనున్న గంపలోనికి పడును. ఆ గంపలో మరియొకరి గింజలున్నచో కలిసిపోవును. ఇంతవరకు నష్టమే గాని మోసము కాదు. కాని ప్రక్కనున్న పెట్టెలో ఒక చీటి యున్నదనుకొందము. 'కొలత ముగిసిన పిమ్మట ఫలాని గాదెకు పొమ్ము' అని యజమాని దానిపై వ్రాసియుంచినాడు. బస్తా తెచ్చినవాడు దొంగ. వాడు లెక్క వేసికొని, బస్తాలో సరియైన లోతున తన చీటి నొకదానిని దాచెను. ధాన్యము పొర్లినపుడు వాని చీటి వచ్చి యజమాని చీటిపై పడినది. కొలుచువాడు దానిని చూచి, అది యజమాని ఆజ్ఞయే యని నమ్మి, దొంగ చెప్పిన చోటికి పోవును. యంత్రములలో జరుగునది సరిగా నిదియే.

ఇది ఊహ కాదు. 1988 వ సంవత్సరము నవంబరు 2 వ తేదీన రాబర్ట్ మోరిస్ అను విద్యార్థి ఒక ప్రోగ్రామును అమెరికాలోని కంప్యూటరుల జాలములో విడిచెను. అది ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు తనంతట తాను పాకిపోయెను. దానికి మార్గములు కొన్ని యుండెను. అందొకటి ఈ గెట్స్. ఫలాని వాడుకరి ఎవరని అడిగిన బదులు చెప్పు ప్రోగ్రాములో, ప్రశ్న నుంచుటకు 512 అక్షరముల చోటు విడిచియుండిరి. మోరిస్ పంపిన ప్రోగ్రాము 536 అక్షరములను పంపెను. 24 అక్షరములు పొర్లినవి, చీటి మారినది. సుమారు 6,000 యంత్రములు దానిపాలబడెనని ఆనాటి అంచనా. 1990 లో న్యాయస్థానము అతనికి మూడు సంవత్సరముల పర్యవేక్షణమును, 400 గంటల సమాజసేవను, పది వేల డాలర్లకు పైబడిన జరిమానాను విధించెను.

ఇక్కడ పెద్దలు ఒక ప్రశ్న వేయుదురు: అంత జరిగిన పిమ్మట ఆ గెట్స్‌ను మరునాడే తీసివేసి యుండవలెను గదా? తీసివేయలేదు. మరుసటి సంవత్సరము, అనగా 1989 లో, అమెరికాలో సి భాషకు ప్రామాణిక వ్యాకరణము వెలువడినది. అందును గెట్స్ కలదు. 1999 లో సవరించిన వ్యాకరణము వెలువడినది. అందును కలదు. 2007 లో వెలువడిన తప్పొప్పుల పట్టికలో నది విడువదగినదని గుర్తింపబడినది. 2011 నాటి వ్యాకరణమున గాని అది తొలగలేదు. హాని కంటబడిన నాటినుండి తొలగిన నాటికి 23 సంవత్సరములు. అప్పుడు పుట్టిన బిడ్డ చదువు ముగించి ఉద్యోగమున చేరునంత కాలము.

ఈ ఆలస్యమునకు రెండు వాదములు కారణములు. నేర్పుగలవాడు తాను వ్రాయునపుడు జాగ్రత్తపడును, పనిముట్టును నిందింపనేల యని మొదటి వాదము. పాత ప్రోగ్రాములు లక్షలుగా నున్నవి, ఈ ప్రయోగమును తీసివేసినచో అవి ఆగిపోవును, ఆ నష్టము నెవరు భరింతురు అని రెండవ వాదము.

మొదటి వాదమునకు నా సమాధానమిది. నేర్పుగలవారు లోకమున లేకపోలేదు. కాని గెట్స్ విషయమున నేర్పు పనికిరాదు. ఏలయన బయటివాడు ఎంత పొడవైన వరుసను పంపునో వ్రాయువాని చేతిలో లేదు. తక్కిన చోట్లను చూతమన్నను, గొప్ప నేర్పరులను పోషించు సంస్థల లెక్కలే వేరు విధముగా చెప్పుచున్నవి. తాము ఏటేట సరిదిద్దు భద్రతాదోషములలో నూటికి సుమారు 70 ఇట్లు స్మృతి హద్దులు మీరుటవంటి దోషములేయని మైక్రోసాఫ్ట్ సంస్థవారు 2019 లో తెలిపిరి. అట్టివారికే తప్పనిది సామాన్యునకు తప్పునా? గట్టు లేని బావిలో పడినవానిని అజాగరూకుడని నిందింపవచ్చును. కాని నలుగురు పడిన పిమ్మట గ్రామపెద్దలు చేయవలసినది నింద కాదు, గట్టు కట్టుట.

రెండవ వాదము న్యాయమైనది. దానిని తోసివేయరాదు. పాత ప్రోగ్రామును నమ్ముకొని కార్యాలయములున్నవి, చిన్న దుకాణములున్నవి. వానికి దారి చూపక పాతదానిని పెరికివేయుటయు హింసయే. ఎట్లు తొలగింపవలెనో పిదప చెప్పెదను.

దానికి ముందు, ఈ రెండు వాదములును చెప్పని మూడవ కారణ మొకటి యున్నది. బడిపంతులుగా నా కది ముఖ్యముగా తోచుచున్నది. గెట్స్‌కు బదులుగా 'ఎఫ్‌గెట్స్' అను ఉపకరణము ఆ భాషలోనే చాలకాలమునుండి యున్నది. అది కుంచము పరిమాణమును ముందు అడిగి, అంతకు మించి పోయదు. అనగా మంచి పనిముట్టు ప్రక్కనే యున్నను చెడ్డది బ్రతికినది. ఏల? బడిలో దానినే నేర్పుచుండుటవలన. అది వ్రాయుటకు సులభము. పాఠ్యపుస్తకమున ఒక పంక్తిలో ఇముడును. మన దేశపు కళాశాలలలో పెక్కుచోట్ల 'టర్బో సి' అను పాత పరికరమును, గెట్స్ గల పాత పాఠములను, 2011 తరువాత కూడ నేర్పుచునే యుండిరి. వ్యాకరణకర్తలు తొలగించినను ఉపాధ్యాయుడు బ్రతికించెను. సూత్రము గ్రంథమున తొలగిన నాడు ప్రయోగము తొలగదు. బడిలో తొలగిన నాడు తొలగును.

ఇది మనకు క్రొత్త సంగతి కాదు. మన వంశధార యొడ్డుననే, ముఖలింగము చెంతనున్న పర్వతాలపేటలో 1863 లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాషకై పోరాడిరి. ఆ పోరాటము ముఖ్యముగా బడులలో, పరీక్షలలో ఏ భాష వ్రాయవలెనను విషయమున జరిగినది. నేను గ్రాంథికమున పెరిగినవాడను, ఇప్పుడును దానియందే మాటలాడుచున్నాను. అయినను భాష మారునది పాఠశాలయందే యని ఆయన గ్రహించిన సత్యమును కాదనలేను. అరసున్నయు, బండిఱయు నేటి వ్రాతలో చాలవరకు కానరావు. ఈ ప్రసంగమును అచ్చులో చదువువారికి ఇందును అరసున్న కనబడదు. ఏ చట్టమును దానిని నిషేధింపలేదు. బడిలో నేర్పుట తగ్గినది, వ్రాత తగ్గినది.

అయితే అరసున్నకును గెట్స్‌కును ఒక భేదమును గమనింపవలెను. అరసున్న ఎవరికిని కీడు చేయలేదు. అది పాతబడినది, అంతియే. గెట్స్ పాతబడినదని కాదు, ప్రమాదకరమని తొలగినది. పాతదంతయు చెడ్డది కాదు, క్రొత్తదంతయు క్షేమము కాదు. ఈ వివేకము లేనివాడు సంస్కర్త కాజాలడు. అరసున్న వ్రాతలో తగ్గినను చదువుటకు మిగిలియున్నది. ప్రపంచలిపులన్నిటికిని స్థానమిచ్చు యూనికోడు పట్టికలో అరసున్నకును బండిఱకును నేటికిని చోటున్నది. కావున పాత గ్రంథము చెడదు. క్రొత్తగా వ్రాయుట మానవలెను, పాతది చదువు శక్తిని పోగొట్టుకొనరాదు. యంత్రభాషలకును ఇదియే నీతి.

ఇక తొలగించు విధము చెప్పెదను. మన ఊరి దీపస్తంభమును చూచుచున్నారు గదా. ఏ దీపస్తంభమైనను వెలుగు తీరును మార్చదలచినచో, ఒకనాటి రాత్రి తటాలున మార్చరు. నావికులకు ముందుగా ప్రకటన చేయుదురు. లేనిచో పాత గుర్తును నమ్మిన నావ ఇసుకమేటకు తగులును. యంత్రభాషలోను మొదటి ధర్మము ప్రకటనమే. గెట్స్ వాడినవానికి, ఇది ప్రమాదకరము, వాడరాదని ప్రోగ్రామును సిద్ధపరచు పరికరమే హెచ్చరించు ఏర్పాటు లినక్సు యంత్రములలో చేసిరి. అయితే హెచ్చరికకు గడువు కూడ నుండవలెను. గడువు లేని హెచ్చరిక కొన్నాళ్ళకు చెవికి సోకదు.

రెండవ ధర్మము, పాతదియు క్రొత్తదియు కొంతకాలము ప్రక్కప్రక్కన నడువవలెను. 1957 ఏప్రిల్ 1 వ తేదీన మన దేశమున రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చినవి. పాత నాణెములను ఆనాడే చెల్లనివిగా చేయలేదు. కొంతకాలము రెండును చలామణి యయ్యెను. 1964 లో 'నయా' అను మాటయే అక్కరలేక పైస అని మిగిలినది.

దీనికి భిన్నముగా, మార్పు కష్టమైన కథయు నొకటి కలదు. పైథాన్ అను యంత్రభాషయొక్క రెండవ రూపములో, వాడుకరిని ప్రశ్నించు 'ఇన్‌పుట్' అను ప్రయోగముండెను. వాడుకరి టైపు చేసినది సమాధానమని గాక ఆజ్ఞయని తలచి అది నెరవేర్చెడిది. ఇంటి వాకిట నిలిచిన పరాయివానిని నీ పేరేమి యని అడుగగా, వాడు 'పెట్టె తెమ్ము' అనిన, సేవకుడు లోనికిపోయి పెట్టె తెచ్చి యిచ్చినట్లు. 2008 లో వచ్చిన మూడవ రూపమున దీనిని మార్చిరి, అది మంచిదే. కాని దానితోపాటు వేరు మార్పులను పెక్కింటిని ఒక్కమారే చేయుటవలన పాత ప్రోగ్రాములు క్రొత్త రూపమున నడువకపోయెను. పాత రూపమునకు 2015 లో సెలవియ్యదలచినవారు 2020 జనవరి 1 వరకు ఆగవలసివచ్చెను. అత్యవసరమైన మార్పును ఇష్టమైన మార్పులతో ముడిపెట్టినచో రెండును ఆలస్యమగునని ఇందు తెలియుచున్నది.

మూడవ ధర్మము, బదులిచ్చునది నిజముగా బదులు కావలెను. ఎఫ్‌గెట్స్ గెట్స్‌కు అచ్చముగా సమానము కాదు. పంక్తి చివరి గుర్తును గెట్స్ పారవేయును, ఎఫ్‌గెట్స్ ఉంచును. ఇది తెలియక పేరు మాత్రము మార్చినవాని ప్రోగ్రాము తప్పు లెక్కలు చెప్పును; వాడు క్రొత్తదానిని తిట్టి పాతదానికి మరలును. కావున మార్పు చేయించువాడు మార్చు విధమును కూడ నేర్పవలెను.

నాలుగవది, పాత భవనమునంతయు ఒకనాడు కూల్చనక్కరలేదు. 2015 మే నెలలో స్థిరరూపము పొందిన 'రస్ట్' అను భాషలో స్మృతి హద్దు దాటు వ్రాతను సాధారణముగా భాషయే ఒప్పుకొనదు. తప్పనిసరి యైనచోట, 'అన్‌సేఫ్', అనగా క్షేమము కానిది, అను మాటతో ఆ భాగమును వ్రాయువాడు గుర్తుపెట్టవలెను. ఆర్షప్రయోగమును ఆర్షమని పేరుపెట్టి వేరుగా చూపినట్లు. తరువాత పరీక్షించువాడు ముందు అచ్చటనే వెదకును. ఆండ్రాయిడ్ ఫోనుల నిర్మాతలు పాత వ్రాతనంతయు తిరిగి వ్రాయక, క్రొత్తగా వ్రాయుదానిని ఎక్కువగా ఇట్టి క్షేమభాషలలో వ్రాయజొచ్చిరి. 2019 లో వారి భద్రతాదోషములలో నూటికి 76 స్మృతిదోషములు కాగా, 2024 నాటికి 24 కు దిగినవి. క్రొత్త చేలకు గట్టు వేయుచు పోయిన, పాత చేను కూడ క్రమముగా చక్కబడును.

ఇక మనము చేయదగిన దేమి? పెద్దలు ప్రోగ్రాములు వ్రాయనక్కరలేదు. కాని ఫోను సవరణ కావలెనని అడిగినపుడు నిర్లక్ష్యము చేయక, ఇంటిలోని పిల్లలచేత ఆ ఫోనుయొక్క సెట్టింగులలోనే చేయించుడు. ఎవరో సందేశమున పంపిన లంకెను నొక్కి చేయవలదు. దొంగచీటి యట్లే వచ్చును. సవరణలు నిలిచిపోయిన పాత ఫోను మాటలాడుటకు ఉండవచ్చును గాని బ్యాంకు పనులకు పనికిరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. మన పిల్లలు శ్రీకాకుళమునను, విశాఖపట్టణమునను కంప్యూటరు విద్య చదువుచున్నారు. వారు సెలవులకు వచ్చినపుడు ఒక్క ప్రశ్న అడుగుడు: 'నీకు నేర్పుచున్న పుస్తకము ఏ సంవత్సరమునాటిది? అందు విడువదగినదని పెద్దలు తీర్మానించినది ఏదైన నున్నదా?' మీరు ఆ విద్య నెరుగకున్నను, ఆ ప్రశ్న వారి కళాశాల వరకు పోవును. ఉపాధ్యాయుని పాఠమును మార్చు శక్తి తరచుగా పై అధికారికి గాక, అడుగు శిష్యునకే యుండును.